ఎండ సరే, మనుషులేరీ?

తొమ్మిదంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు. సిగార్ పెట్టె మీది చెక్క మూత. సరుకు అయిపోయాక మన ఇళ్ళల్లో అయితే అలాంటి పెట్టెలోకి గుండీలో, సూదీదారమో చేరతాయి. మెల్‌బోర్న్‌లో కొందరు కుర్రాళ్ళు ఆ మూతలు ఊడదీసి బొమ్మలేశారు. స్నేహితుడు లూయీ ఏబ్రహమ్స్ ఇంట్లో సిగార్ల వ్యాపారం ఉండబట్టి మూతలకి కొదవ లేదు. 1889 ఆగస్టు 17న స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో, టౌన్‌హాల్‌కి ఎదురుగా, బక్స్‌టన్ వారి గదుల్లో 183 బొమ్మలు గోడకెక్కాయి. చాలావాటిది ఆ మూత కొలతే కావడంతో ప్రదర్శనకీ అదే పేరయింది: ‘9 బై 5 ఇంప్రెషన్ ఎగ్జిబిషన్’.

‘ఆర్గస్’ పత్రికలో జేమ్స్ స్మిత్ అనే పేరుమోసిన విమర్శకుడు దులిపేశాడు. ఇంప్రెషనిజం నాలుగు రోజుల వెర్రి, పట్టించుకోనక్కర్లేదని తేల్చేశాడు. కుర్రాళ్ళు ఆ సమీక్షని కత్తిరించి హాలు గుమ్మానికే అంటించారు. అంత తిట్టు చదివాక లోపలికి తొంగిచూడకుండా ఎవరుంటారు?

ముగ్గురు ముఖ్యులు. టామ్ రాబర్ట్స్‌కి 33 ఏళ్ళు. ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడికొచ్చి, మళ్ళీ లండన్ వెళ్ళి చదువుకుని 1885లో తిరిగొచ్చాడు. ఆర్థర్ స్ట్రీటన్‌కి 22. విక్టోరియాలోనే పుట్టాడు, అప్పటికింకా దేశం దాటలేదు. చార్లెస్ కాండర్‌కి 20. ఇతని చిన్నతనం కొంత మన దేశంలో గడిచింది. తల్లి బొంబాయిలో పోయేనాటికి నాలుగేళ్ళవాడు. 1884లో సిడ్నీకి వచ్చి ప్రభుత్వ సర్వేయరైన బంధువు దగ్గర పనిలో చేరాడు. అడవుల్లో డేరాలు, గొలుసు పట్టి భూమి కొలవడం. ఈ గొలుసు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంప్రెషనిజం ఏమిటో చాలామందికి తెలిసిందే. తగరపు ట్యూబుల్లో రంగులు అమ్మకానికొచ్చాక చిత్రకారుడు స్టూడియో వదిలి పొలం గట్టుకి వచ్చాడు. ఎండ మారేలోపు చకచకా పూతలు పూశాడు. దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ కుంచె మరకలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే అదే నది, అదే మధ్యాహ్నం. 1874లో పారిస్‌లో మోనే, పిస్సారో, రెన్వార్ కలిసి తొలి ప్రదర్శన పెట్టారు.

ఆ పారిస్ వెలుగు కూడా వలస రాజ్యాల మీదుగా వచ్చిందే. పిస్సారో పుట్టింది డెన్మార్క్ ఏలుబడిలోని సెయింట్ థామస్ దీవిలో, 1830లో. అక్కడ బానిసత్వం రద్దయ్యేనాటికి అతనికి పద్దెనిమిది నిండబోతున్నాయి. మోనే 1861లో సైన్యంలో చేరి అల్జీరియా వెళ్ళాడు. అక్కడి వెలుగూ రంగులూ తన కంటి మీద ముద్ర వేశాయని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఆ వెలుగుని అతను చూసింది ఫ్రెంచి సైనికుడి దుస్తుల్లో నిలబడి. అయినా ఫ్రెంచివాళ్ళు ఆ పైన వేసినవి ఎక్కువగా తమ సొంత నదులు, తమ సొంత గడ్డివాములు. ఆస్ట్రేలియా సంగతి వేరు. ఇక్కడ చిత్రకారుడు వేస్తున్న నేలే వివాదంలో ఉంది.

ఈ కథ నాకు మొదలైంది కాన్‌బెర్రాలో. మేనల్లుడు కారులో తీసుకెళ్ళాడు. వాడు పదిహేనేళ్ళుగా మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్ అనేచోట ఉంటున్నాడు. మన తెలుగువాళ్ళు వీధికి నలుగురైనా తగిలే పేట. నేషనల్ గ్యాలరీలో స్ట్రీటన్ వేసిన ‘గోల్డెన్ సమ్మర్, ఈగిల్‌మాంట్’ ఉంది. 1995లో 35 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు పెట్టి కొన్నారు. దాని ముందు నేను కదలకుండా నిలబడిపోయాను. ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది: ఆ బొమ్మంటే నాకు ప్రాణం. ఇప్పుడు దాని మీద ఎన్ని మాటలన్నా, ఆ ప్రేమ పోయాక అంటున్నవి కావు.

అయిదడుగుల వెడల్పు ఉంటుంది. ఎండిన గడ్డి, పండిన వరిచేనంత పసుపు. ముందువైపు గుట్ట నీడ పొడుగ్గా పాకుతోంది. సాయంత్రం కాబోతోందని ఆ నీడే చెప్పేస్తుంది. నీడకీ ఎండకీ సరిహద్దులో గొర్రెలమంద, వాటి వెనక ఓ కాపరి. దూరంగా డాండెనాంగ్ కొండలు నీలిమందు నీళ్ళల్లో ముంచి తీసినట్టు. కుంచె వెడల్పుగా, చదరంగా తగిలిన చోట్లు కంటికి తెలుస్తాయి. గాలి వేడి కూడా తెలుస్తుంది. రెంటచింతలలో మే నెల చూసినవాణ్ణి, ఎండ విషయంలో నన్నెవరూ మోసం చెయ్యలేరు. ఇది అసలైన ఎండ.

అంతకుముందు ఇక్కడికొచ్చిన తెల్ల చిత్రకారులు యూకలిప్టస్ చెట్టుని వేసినా అది ఇంగ్లండ్ ఓక్ చెట్టులా కనిపించేదని వెక్కిరింత ఒకటుంది. ఈ కుర్రాళ్ళు ఆ నేలని ఆ నేలగా చూసిన మొదటివాళ్ళని బడిపుస్తకాలు చెబుతూ వచ్చాయి. మొదటివాళ్ళు. ఆ మాట దగ్గరే నాకు కాలు ఆగింది.

ఈగిల్‌మాంట్ గుట్ట మీదికి వాళ్ళు ఎలా చేరారో చూడండి. 1888లో మెల్‌బోర్న్ నుంచి హైడెల్‌బర్గ్ ఊరిదాకా రైలు పడింది. ఊరంతా భూముల పిచ్చిలో ఉంది. హైదరాబాద్ చుట్టూ వెంచర్ల రోజులు చూసినవాళ్ళకి ఆ వాతావరణం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ గుట్ట మీది ఎస్టేట్‌ని ప్లాట్లుగా కోసి అమ్మకానికి పెట్టారు. అమ్ముడయ్యేలోపు ఖాళీగా ఉన్న పాత చెక్క ఇంట్లో స్ట్రీటన్‌ని ఉండమన్నారు. రాబర్ట్స్, కాండర్ వచ్చి చేరారు. పగలు బొమ్మలు, రాత్రి కబుర్లు. ఆడవాళ్ళూ వేశారు. జేన్ సదర్లాండ్, క్లారా సదర్న్ లాంటివాళ్ళు. కాకపోతే మర్యాద పేరుతో వాళ్ళకి రాత్రి మకాం లేదు, సాయంత్రం రైలెక్కి ఇంటికి పోవాల్సిందే. 1891లో సిడ్నీ డికిన్సన్ అనే విమర్శకుడు ‘హైడెల్‌బర్గ్ స్కూల్’ అన్న పేరు పెట్టాడు. అప్పటికే ఆ ఇల్లు చెయ్యి జారింది. ఆ రోజుల్లోనే భూముల బుడగా పేలింది.

అంటే మనం చూసే ఆ బంగారు మధ్యాహ్నం ఒక రియల్ ఎస్టేట్ లేఅవుట్. స్ట్రీటన్ గుంజలూ, రాళ్ళూ వెయ్యలేదు, గడ్డి వేశాడు.

ఆ గడ్డిలో మేస్తున్న గొర్రెల్ని చూడండి. ఆ ప్రాంతం వురుండ్జెరి అనే ఆదిమవాసి ప్రజలది. వాళ్ళ ఆడవాళ్ళు కర్రలతో తవ్వుకునే ముఖ్యమైన తిండి మర్నాంగ్ అనే దుంప. పసుపు పువ్వు పూసే చిన్న మొక్క. తవ్వగా తవ్వగా నేల గుల్లబారి మరిన్ని దుంపలు ఊరేవి. అప్పుడప్పుడు నిప్పు పెట్టి గడ్డిని అదుపులో ఉంచేవారు. తొలి తెల్లవాళ్ళు వచ్చినప్పుడు ఎవరో పెంచిన తోటలా ఉందే ఈ దేశం అని ఆశ్చర్యపోయింది ఆ నిప్పు చేసిన పనికే. ఎవరో పెంచిందేనని తట్టినవాళ్ళు తక్కువ. 1835 తర్వాత గొర్రెలు దిగాయి. ఎడ్వర్డ్ కర్ అనే భూస్వామి 1883లో అచ్చేసిన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నాడు: వేలాది గొర్రెలు మూతితో నేలని పెళ్ళగించి ఆ దుంపలు తినడం నేర్చుకున్నాయట, మొదటి ఏడాదంతా చాలావరకు వాటి మీదే బతికాయట. ఎవరి అన్నం అదని తెలిసే రాశాడు.

ఆ 1835లోనే జాన్ బాట్‌మన్ అనేవాడు యారా నది ప్రాంతంలో వురుండ్జెరి పెద్దలతో ఒప్పందం రాసుకున్నాడు. దుప్పట్లు, కత్తులు, గొడ్డళ్ళు, అద్దాలు, పిండి ఇచ్చి ఆరు లక్షల ఎకరాలు తనవన్నాడు. మోసమే. కానీ ఆ కాగితంలో ఒక్క నిజం మిగిలింది: ఈ నేలకి సొంతదారులు ఉన్నారని అది ఒప్పుకుంది. గవర్నర్ బర్క్ అదే ఏడాది ఆ ఒప్పందం చెల్లదని ప్రకటించాడు. నేల రాణిగారిదో రాజుగారిదో అయినప్పుడు అక్కడివాళ్ళు అమ్మేదేముంది? అలా మనుషులున్న భూమి చట్టంలో ఎవరిదీ కాని భూమి అయింది. ఆ వాదనని ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టేసింది 1992లో, మాబో కేసులో.

ఈ తర్కం మనకేం కొత్త? అదే సామ్రాజ్యం మనకీ లెక్కలు రాసింది. అడంగల్లో ‘బంజరు’ అని రాసిన చోటల్లా ఎవరో ఒకరు గొడ్లని మేపుకుంటూనే ఉంటారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడు కొట్టుకున్నవాడు తన కొండ మీదే దొంగయ్యాడు. కొండకి నిప్పు పెట్టి పంట తీయడం వ్యవసాయం అని ఏ రిజిస్టరులోనూ పట్టలేదు, అక్కడ ఆ గడ్డికి నిప్పు పెట్టడం పట్టనట్టే.

స్ట్రీటన్ గుట్ట మీద ఎండని వేస్తున్న రోజుల్లోనే, అదే నది ఎగువన, హీల్స్‌విల్ దగ్గర ఇంకో చిత్రకారుడు పని చేస్తున్నాడు. పేరు విలియం బరాక్. వురుండ్జెరి పెద్ద. అప్పటికి అరవై అయిదేళ్ళు ఉంటాయి. బాట్‌మన్ ఒప్పందం జరిగిన రోజున తను అక్కడున్నానని, చిన్నపిల్లాణ్ణని చెప్పేవాడు. ఊళ్ళు పోయి, జనం చచ్చి, మిగిలినవాళ్ళు 1863లో కొరండెర్క్ అనేచోట కాస్త నేల సంపాదించుకుని స్థిరపడ్డారు. బీరులో వేసే హాప్స్ పండించారు. వాళ్ళ పంటకి 1881లో మెల్‌బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. పండినచోటికి కళ్ళు రావడం మామూలే. ఆదిమవాసుల సంక్షేమం చూడాల్సిన బోర్డు, మిమ్మల్ని వేరేచోటికి తరలిస్తాం పొమ్మంది. ఆ బోర్డులో కొరండెర్క్‌ని మూసెయ్యాలని పట్టుబట్టినవాళ్ళలో ఒకడు, పైన గొర్రెల కథ రాసిన ఎడ్వర్డ్ కర్.

బరాక్ మాట్లాడటానికి నడిచి వచ్చేవాడు. కొరండెర్క్ నుంచి మెల్‌బోర్న్ అరవై కిలోమీటర్లు. మనుషుల్ని వెంటేసుకుని ఒకసారి కాదు, చాలాసార్లు నడిచాడు. అర్జీలు రాయించాడు. 1881లో ఆ గోల మీద విచారణ సంఘం కూడా పడింది. 1886లో మాత్రం చట్టం వచ్చి నెత్తిన పడింది: మిశ్రమ సంతానమైన 34 ఏళ్ళలోపువాళ్ళు ఊరొదిలి పోవాలి. వయసులో ఉన్న చేతులన్నీ పోయాక పొలం ఎవరు చేస్తారు? 1893లో సగం భూమి లాక్కున్నారు. 1924లో మొత్తం మూసేశారు.

ఈ మధ్యలో బరాక్ బొమ్మలేశాడు. ఎర్రమట్టి, బొగ్గు, బజారు రంగులు, కాగితం, అట్ట ముక్కలు. 1889లో హీల్స్‌విల్‌కీ రైలొచ్చింది. పట్నం నుంచి షికారుకొచ్చేవాళ్ళు బూమరాంగులూ బొమ్మలూ కొనుక్కుపోయేవారు. కొరండెర్క్‌లో పాత నాట్యాలు ఆడనిచ్చేవారు కాదు. ఆడనివ్వని నాట్యాన్ని అతను గీశాడు. ఒక్కొక్క వరసలో పదిమంది, కాళ్ళు వంచి, చేతిలో బూమరాంగులు పైకెత్తి. కింద పోసమ్ తోళ్ళు కుట్టిన దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు తాళం వేస్తూ. ఒక్కో దుప్పటి మీద గీతల అల్లిక ఒక్కోరకం, ఒకదానిలా మరొకటి ఉండదు. మధ్యలో నిప్పు.

మెల్‌బోర్న్ ఫెడరేషన్ స్క్వేర్‌లోని విక్టోరియా నేషనల్ గ్యాలరీలో వాటిల్లో ఒకటి ‘సెరిమనీ’ చూస్తూ ఉంటే ఒక సంగతి తట్టింది. అందులో ఆకాశం లేదు. దిగంతం గీత లేదు. చెట్టు లేదు, కొండ లేదు. అంతా మనుషులే. స్ట్రీటన్ బొమ్మలో నేలంతా ఉంది, దాని మనుషులు లేరు. బరాక్ బొమ్మలో మనుషులంతా ఉన్నారు, నేల లేదు. ఒక్క నది ఒడ్డున, ఒక్క కాలంలో వేసిన ఈ రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఆ దేశం పూర్తిగా కనబడదు. చాలా ఏళ్ళపాటు ఒకటి కళ కింద, రెండోది వింతవస్తువు కింద లెక్కకొచ్చాయి.

స్ట్రీటన్ కావాలని ఎవర్నీ చెరిపేశాడని నేననను. ఇరవై దాటిన కుర్రాడు, కంటి ముందున్నది వేశాడు. అతను గుట్టెక్కేసరికే చెరిపేవాళ్ళు చెరిపి వెళ్ళిపోయారు. రాబర్ట్స్ అయితే 1892లో చార్లీ టర్నర్ అనే ఆదిమవాసి ముఖాన్ని ఎంతో శ్రద్ధగా వేశాడు. కానీ ఆ ముఖం విడిగా ఓ చిత్తరువు, ఆ నేల విడిగా ఓ ప్రకృతిచిత్రం. రెండూ ఒక చట్రంలోకి రాలేదు. రాబర్ట్స్‌కి పేరు తెచ్చిన ‘షియరింగ్ ద రామ్స్’లో గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీలు చెమటోడుస్తుంటారు. పని గొప్పతనం మీద అంత చక్కని బొమ్మ అరుదు. ఆ ఉన్నితోనే ఆస్ట్రేలియా బాగుపడింది. ఆ బృందంలోవాడే అయిన మెక్‌కబిన్ 1904లో వేసిన ‘ద పయనీర్’ మూడు పలకల బొమ్మ. అడవిలోకొచ్చిన దంపతులు, ఆ తర్వాత పసిబిడ్డ, చివరికి ఓ సమాధి, దూరంగా లేచిన నగరం. సమాధి తెల్లవాళ్ళది. ఆ అడవిలో అంతకుముందు పోయినవాళ్ళకి పలక కేటాయించలేదు.

పేర్ల విషయమూ అంతే. స్ట్రీటన్ తన నది బొమ్మలకి పేర్లు వర్డ్స్‌వర్త్ నుంచి, షెల్లీ నుంచి తెచ్చుకున్నాడు. హైడెల్‌బర్గ్ జర్మనీ ఊరి పేరు. యారా అన్నది ఓ సర్వేయరు పొరపాటు. నీళ్ళు దూకే చోటుని చూపించి అక్కడి ఆదిమవాసులన్న మాటని నది పేరనుకుని 1835లో పుస్తకంలోకి ఎక్కించేశాడు. అసలు పేరు బిర్రరుంగ్. 2017లో ఆ నదిని కాపాడ్డానికి చేసిన చట్టానికి మాత్రం వురుండ్జెరివాళ్ళ మాటల్లోనూ పేరు పెట్టారు.

ఇప్పుడు కాండర్ గొలుసు. సర్వే గొలుసు పరుచుకున్న నేల పటంలో ప్లాటవుతుంది, పటంలో ప్లాటయినది అమ్మకానికొస్తుంది. ఆ గొలుసు వదిలి కుంచె పట్టిన కాండర్ ఎంతో సున్నితమైన చిత్రకారుడు. అతని మీద నేరం మోపడం నా ఉద్దేశం కాదు. సర్వేయరు నేలని ఖాళీ చేసి కొలిచాడు, చిత్రకారుడు ఆ ఖాళీకి అందం తెచ్చాడు, ఆ అందాన్ని చూసిన జనం ఇది మన ఇల్లు అనుకున్నారు. ఒకరి పని ఒకరికి తెలియకుండానే సాగిపోయింది.

1901 మే 9న ఆస్ట్రేలియా మొదటి పార్లమెంటు మొదలైనప్పుడు ఆ దృశ్యాన్ని వెయ్యమని పిలిచింది మన సిగార్ మూతల రాబర్ట్స్‌నే. రెండేళ్ళకి పైగా పట్టింది, 250కి పైగా ముఖాలు గుర్తుపట్టేలా వేశాడు. ఆ ఏడాది అమల్లోకొచ్చిన రాజ్యాంగంలో 127వ సెక్షన్ ఉంది: జనాభా లెక్కల్లో ఆదిమవాసుల్ని కలపకూడదు. 1967లో ప్రజలు ఓటేసి దాన్ని తీసేశారు. ఆ పార్లమెంటు తొలి ఏడాదే చేసిన వలస నియంత్రణ చట్టం తెల్లవాళ్ళు కానివాళ్ళకి తలుపేసింది. ఆఫీసరు తనకిష్టమైన యూరప్ భాషలో చెప్పింది తప్పుల్లేకుండా రాయాలి, అదీ పరీక్ష. మన మేనల్లుడికి టార్నీట్‌లో ఇల్లు దొరకాలంటే ఆ విధానం 1973లో పూర్తిగా పోవాల్సొచ్చింది.

“టార్నీట్ అంటే ఏంట్రా అర్థం?” అనడిగాను కాన్‌బెర్రా నుంచి వచ్చేటప్పుడు.

“ఏరియా పేరు మామయ్యా,” అన్నాడు వాడు.

వెనక సీట్లోంచి వాడి కూతురు అందుకుంది. “తెలుపని. వాదావురుంగ్ వాళ్ళ మాట. మా టీచర్ చెప్పింది తాతయ్యా.”

కొత్త బొమ్మల్లో నాకు నచ్చింది డేనియల్ బాయిడ్ పని. ఇ. ఫిలిప్స్ ఫాక్స్ అనే మెల్‌బోర్న్ ఇంప్రెషనిస్టు 1902లో కెప్టెన్ కుక్ ఒడ్డుకి దిగే దృశ్యం వేశాడు. ఆస్ట్రేలియా ఒడ్డుని అతను వేసింది లండన్‌లో కూర్చుని. డబ్బిచ్చిన వీలునామాలో బొమ్మ అక్కడే వెయ్యాలని షరతుంది మరి. అందులో కుక్ చెయ్యి చాపి తన మనుషుల్ని కాల్పులు ఆపమంటూ పెద్దమనిషిలా నిలబడతాడు. దూరంగా గుట్ట మీద ఇద్దరు ఆదిమవాసులు, చీమలంత. 2006లో ఆదిమవాసి చిత్రకారుడు బాయిడ్ అదే బొమ్మని మళ్ళీ వేసి కుక్ కంటికి ఓడదొంగల నల్లగంత కట్టేశాడు. ఎవరు ఎవర్ని దొంగ అంటారన్నది చూసే ఒడ్డుని బట్టి ఉంటుంది.

2022లో న్యూయార్క్ వేలంలో బరాక్ బొమ్మ ఒకటి, అతను చెక్కిన డాలు ఒకటి అమ్మకానికొచ్చాయి. కొరండెర్క్ పక్కన ద్రాక్షతోటలున్న కుటుంబానికి అతనిచ్చినవి. వురుండ్జెరివాళ్ళు చందాలు పోగేసి, రాష్ట్ర ప్రభుత్వం చెయ్యి కలిపితే, రెంటినీ వేలంలో పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు. తాతగారి బొమ్మని మనవలు డబ్బిచ్చి కొనుక్కున్నారన్నమాట.

ఆఖరి రోజు గ్యాలరీ బయట, యారా వంతెన మీద నిలబడ్డాం. స్వాన్‌స్టన్ స్ట్రీట్ సూటిగా ఉత్తరానికి పోతుంది. ఆ చివర ముప్పై అంతస్తులు దాటిన అపార్ట్‌మెంట్ల మేడ. 2015లో పూర్తయింది. తెల్లటి బాల్కనీ పలకల వంపుల్లో ఓ పెద్ద ముఖం: గడ్డం, లోతైన కళ్ళు. బరాక్. వురుండ్జెరి పెద్దలతో మాట్లాడే పెట్టారంటారు. ఆయన నేల పోయి ఆయన ముఖం మీద ఫ్లాట్లు అమ్మారని తిట్టినవాళ్ళూ ఉన్నారు. నాకు రెండోవాళ్ళ మాటే ఎక్కువ నచ్చింది గానీ, చూపు మాత్రం తిప్పుకోలేకపోయాను.

ట్రామెక్కాం. టౌన్‌హాల్ దాటుతుంటే ఎదురు వరస చూపించి, ఇక్కడే సిగార్ మూతల బొమ్మలు పెట్టింది అన్నాను. మేనల్లుడు ఫోన్‌లోంచి తలెత్తి చూశాడు. షాపులున్నాయి. అరవై కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి ముఖం వైపు మేం కూర్చుని పోతున్నాం. ఒక్కో స్టాపు దాటే కొద్దీ ఆ ముఖం వదులవుతూ వచ్చింది. ముందు గడ్డం చెదిరింది, తర్వాత ముక్కు. దిగి కిందికి వెళ్ళి తలెత్తేసరికి తెల్లటి వంకర పలకలు, వాటి మధ్య చీకటి.

“తాతయ్యా, ముఖం ఏదీ?” అంది పిల్ల.

కన్ను ఉండాల్సిన చోట ఎవరిదో బాల్కనీ. రెయిలింగ్ మీద తడి తువ్వాలు ఆరేసుంది.